పైపు ఎత్తు ఏ నేల నుంచి? బిమ్ మోడళ్లలో మట్టాల లేబుళ్లు

భవనంలో పైపు ఏ దారిన వెళ్తుందో ప్లాన్ చూపిస్తుంది. ఎంత ఎత్తున వెళ్తుందో మాత్రం దాని పక్కన రాసిన అంకె చెప్పాలి. ఏ మట్టం నుంచి కొలిచారో, పైపులో ఏ భాగం దాకా కొలిచారో తెలియకపోతే ఆ అంకె ఎందుకూ కొరగాదు. ఆటోక్యాడ్‌లో గీసేటప్పుడు డ్రాఫ్ట్స్‌మన్ దాన్ని చేత్తో టైపు చేస్తాడు కాబట్టి, తప్పో ఒప్పో, ఈ రెండు ప్రశ్నలూ అతని మనసులో ఒకసారి మెదులుతాయి. రెవిట్ వంటి బిమ్ సాఫ్ట్‌వేర్‌లో, అంటే భవనాన్ని సమాచారంతో సహా త్రిమితీయ మోడల్‌గా తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో, అంకె దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. సాఫ్ట్‌వేర్ కూడికల్లో, తీసివేతల్లో పొరపాటు చేయదు. అయితే అది ఆధారంగా పట్టుకున్న మట్టమే డ్రాయింగ్ చదివేవాడికి కూడా కావలసిన మట్టం అయి ఉంటుందన్న భరోసా ఏమీ లేదు. మోడల్ హైదరాబాదులోనో చెన్నైలోనో తయారై, పని నెల్లూరులోనో ఒంగోలులోనో జరిగినప్పుడు, గీసినవాడికీ బిగించేవాడికీ మధ్య మాటామంతీ ఉండదు గనుక ఈ తేడా ఇంకా పెద్దదవుతుంది.

నెల్లూరు పొగతోటలో కనిపించే తరహా ఆసుపత్రి భవనం ఒకటి ఉందనుకుందాం. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఫ్లోరింగ్ పూర్తయ్యాక ఉండే నేల మట్టాన్ని ±0.000గా తీసుకున్నారు. మొదటి అంతస్తు నేల +3.900 మీటర్ల దగ్గర ఉంది. ఆ అంతస్తులోని బాత్‌రూముల మురుగునీటిని తీసుకెళ్లే 160 మిల్లీమీటర్ల పి.వి.సి. పైపు, మొదటి అంతస్తు స్లాబు అడుగున, అంటే గ్రౌండ్ ఫ్లోర్ వరండా పైన, క్లాంపులకు వేలాడుతూ సాగుతుంది. డిజైన్ చేసే ఇంజనీరు మొదటి అంతస్తు ప్లాన్ తెరిచి ఈ పైపును గీస్తాడు. కమోడ్లు, ఫ్లోర్ ట్రాపులు ఆ ప్లాన్‌లోనే ఉన్నాయి కాబట్టి అలా గీయడమే సహజం. సాఫ్ట్‌వేర్ వెంటనే ఆ పైపుకు రిఫరెన్స్ లెవెల్‌గా, అంటే ఎత్తు కొలిచే ఆధార మట్టంగా, మొదటి అంతస్తును నమోదు చేసుకుంటుంది. పైపు మధ్యరేఖ ఆ నేలకు 650 మి.మీ. కింద ఉంటే, ట్యాగ్ (మోడల్ నుంచి అంకెను తీసుకుని చూపే లేబుల్) పెట్టగానే −650 అని వస్తుంది.

ఆ పైపును బిగించే ప్లంబరు గ్రౌండ్ ఫ్లోర్‌లో పరంజా మీద నిలబడతాడు. తల ఎత్తితే అతనికి స్లాబు అడుగు కనిపిస్తుంది గానీ, ఆ స్లాబు పైన ఇంకా పరచని ఫ్లోరింగ్ కనిపించదు. అతను కొలత తీసుకునేది కింది నుంచి. బేల్దారి మేస్త్రి నీళ్ల లెవెల్ పైపుతోనో లేజర్‌తోనో, పూర్తి కాబోయే నేలకు సరిగ్గా 1 మీటరు ఎత్తున, గోడల చుట్టూ ఒక గీత కొట్టి ఉంచుతాడు. ప్లంబరైనా, ఎలక్ట్రీషియనైనా, ఫాల్స్ సీలింగ్ మనిషైనా టేపు కొసను ఆ గీత మీద పెట్టే కొలుస్తారు. వాళ్లకు కావలసిన అంకె +3.250, గీత నుంచి అయితే 2.250 మీటర్లు. −650 అని రాసిన కాగితం చేతికిస్తే, అంతస్తు ఎత్తు ఇంకో షీట్‌లో వెతికి, 3.900 లోంచి 0.650 తీసివేసి, ఆపైన మరో మీటరు తగ్గించుకోవాలి. ఈ లెక్కలు పరంజా మీద, పెన్సిలుతో, గోడకు ఆనించిన కాగితం మీద జరుగుతాయి. జిరాక్సు తీసిన షీట్‌లో ముందున్న చిన్న అడ్డగీత చెరిగిపోయి −650 కాస్తా 650గా మిగిలిపోవడం కూడా ఊహకందని సంగతి కాదు.

అందువల్ల లేబుల్‌కు ఆధార మట్టం ఏదన్నది, మోడల్‌లో ఆ పైపు ఏ లెవెల్‌కు కట్టి ఉందన్న దాన్ని బట్టి కాక, డ్రాయింగ్ చేతపట్టుకున్న మనిషి ఏ నేల మీద నిలబడి కొలుస్తాడన్న దాన్ని బట్టి నిర్ణయం కావాలి. మోడల్‌లోని రిఫరెన్స్ లెవెల్ గీసేవాడి సౌకర్యం కోసం ఉన్నది. లేబుల్ బిగించేవాడి కోసం ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఈ రెండింటినీ అప్రమేయంగా (డీఫాల్ట్‌గా) ఒకటిగా చూస్తుంది, చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఒకే అంకెలో రెండు పొరపాట్లు

పై ఉదాహరణలోని −650 అంకెను స్ట్రక్చరల్ డ్రాయింగ్ పక్కన పెట్టి చూస్తే ఇంకో ప్రమాదం బయటపడుతుంది. వరండాకు అడ్డంగా, స్లాబు మందంతో కలిపి 600 మి.మీ. లోతున్న బీము ఒకటి ఉందనుకుందాం. పైపు 650 కింద ఉంది, బీము 600 దగ్గర ఆగిపోతుంది, మధ్యలో ఇంకా 50 మి.మీ. ఖాళీ ఉందని పైపైన చూసినవారికి అనిపిస్తుంది. నిజానికి ఈ రెండు అంకెలు ఒకే చోటి నుంచి కొలిచినవి కావు, ఒకే చోటికి కొలిచినవీ కావు.

బీము లోతును స్ట్రక్చరల్ ఇంజనీరు కాంక్రీటు స్లాబు పైమట్టం నుంచి చెబుతాడు. డ్రాయింగుల్లో ఎస్.ఎస్.ఎల్. అని రాసేది దీన్నే. పైపు ఎత్తును పూర్తయిన నేల నుంచి, అంటే ఎఫ్.ఎఫ్.ఎల్. నుంచి చెప్పారు. ఫ్లోరింగ్ మందం 75 మి.మీ. అయితే స్లాబు పైమట్టం +3.825 అవుతుంది, బీము అడుగు +3.225 అవుతుంది. ఇక −650 అన్నది పైపు మధ్యరేఖ ఎత్తు. బీముకు తగిలేది మధ్యరేఖ కాదు, పైపు పైభాగం. 160 మి.మీ. పైపులో పైభాగం మధ్యరేఖకు 80 మి.మీ. పైన, అంటే +3.330 దగ్గర ఉంటుంది. బీము అడుగు +3.225. ఖాళీ 50 మి.మీ. ఉందనుకున్న చోట పైపు 105 మి.మీ. మేర బీములోకి చొచ్చుకుపోయి ఉంది. స్ట్రక్చరల్ మోడల్‌ను లింక్ చేసి క్లాష్ పరీక్ష (ఒకదానికొకటి తగిలే భాగాలను వెతికే పరీక్ష) నడిపితే ఇది దొరుకుతుంది. ఆ మోడల్ రాకముందే, కాగితం మీది అంకెలను పోల్చి స్లీవు (కాంక్రీటు పోసే ముందే పైపు కోసం వదిలే రంధ్రం) అక్కర్లేదని తేల్చేస్తే దొరకదు. అప్పుడు మిగిలే దారి కోర్ కట్టింగ్. పోసిన బీముకు 160 మి.మీ. బొక్క కొట్టడానికి ఏ స్ట్రక్చరల్ ఇంజనీరూ సులువుగా ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా.

ఈ 75 మి.మీ. అన్నది స్థిరంగా ఉండే అంకె కాదు. చీమకుర్తి గ్రానైటు పరిచే భవనంలో పలక మందం 18 నుంచి 20 మి.మీ. ఉంటుంది, కింద మాలుతో కలిపి 75 మి.మీ. దాకా వదులుతారు. మధ్యలో యజమాని మనసు మార్చుకుని కొన్ని అంతస్తులకు టైల్స్ చాలన్నాడనుకుందాం. టైలు మందం అందులో సగం, కాబట్టి మొత్తం ఫ్లోరింగ్‌కు 50 మి.మీ. సరిపోతుంది. స్లాబు పోసేశారు కాబట్టి అది కదలదు. ఆర్కిటెక్టు మొదటి అంతస్తు ఎఫ్.ఎఫ్.ఎల్.ను మోడల్‌లో 25 మి.మీ. కిందికి దింపుతాడు. ఆ లెవెల్‌ను రిఫరెన్స్‌గా పెట్టుకున్న పైపులన్నీ సాధారణంగా దానితోపాటు 25 మి.మీ. కిందికి దిగుతాయి. స్ట్రక్చరల్ మోడల్ ఎస్.ఎస్.ఎల్.ను పట్టుకుని ఉంది కాబట్టి బీములు ఉన్నచోటే ఉంటాయి. ఇంత జరిగినా ట్యాగ్‌లో మాత్రం మునుపటి −650 చెక్కుచెదరదు, ఎందుకంటే పైపుకూ దాని రిఫరెన్స్ లెవెల్‌కూ మధ్య దూరం మారలేదు. కింది నేల నుంచి చూస్తే పైపు కదిలింది. పై నేల నుంచి రాసిన లేబుల్ ఆ కదలికను దాచేసింది. పాత ప్రింటూ కొత్త ప్రింటూ పక్కపక్కన పెట్టి చూసినా మార్పు కంటపడదు. గ్రౌండ్ ఫ్లోర్ నుంచి లెక్కించిన లేబుల్ అయితే +3.250 నుంచి +3.225కు మారి, జరిగిందేమిటో చెప్పేది.

పైపులో ఏ భాగం

మధ్యరేఖ ఎత్తు మోడల్ గీయడానికి అనువైన కొలత. సైటులో దానితో పని తక్కువ, ఎందుకంటే పైపు మధ్యన టేపు పెట్టడం ఎవరివల్లా కాదు. క్లాంపు బిగించేవాడికి పైపు అడుగు కావాలి, దీన్ని డ్రాయింగుల్లో బి.ఓ.పి. అంటారు. బీము కింద దూర్చేటప్పుడు పైపు పైభాగం కావాలి. గ్రావిటీ మీద పారే మురుగు పైపుకు, లోపల నీరు ఒరుసుకుంటూ పోయే అట్టడుగు మట్టం, అంటే ఇన్వర్ట్ లెవెల్ కావాలి. పై ఉదాహరణలో మధ్యరేఖ +3.250 అయితే పైపు పైభాగం +3.330, అడుగు +3.170. గోడ మందం 4 మి.మీ. అనుకుంటే ఇన్వర్ట్ +3.174. పి.వి.సి.లో అడుగుకూ ఇన్వర్ట్‌కూ తేడా ఇంత స్వల్పం కాబట్టి చాలామంది రెండింటినీ ఒకటిగా వాడేస్తారు. భవనం లోపల దానితో పెద్ద నష్టం లేదు. వీధిలో వేసే మందపాటి కాంక్రీటు పైపుల దగ్గర అదే అలవాటు కొనసాగితే మాత్రం లెక్క తప్పుతుంది. ఇన్సులేషన్ ఉన్న పైపులకు, ఉదాహరణకు ఏసీ ప్లాంటు చల్లనీటి లైన్లకు, పైపు అడుగు ఒకటి, ఇన్సులేషన్ అడుగు ఒకటి. ఫాల్స్ సీలింగ్ వేసేవాడికి అక్కరకొచ్చేది రెండోది.

సాఫ్ట్‌వేర్ ఈ పైభాగాన్ని, అడుగును ఎలా లెక్కిస్తుందో కూడా గమనించాలి. పైపు రకానికి ఇచ్చిన సైజుల పట్టికలో ఉన్న బయటి వ్యాసాన్ని, లోపలి వ్యాసాన్ని తీసుకుంటుంది. మన దగ్గర భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 13592 ప్రకారం వచ్చే ఎస్.డబ్ల్యూ.ఆర్. (మురుగు, వాననీటి) పి.వి.సి. పైపుల్లో 110, 160 అన్నవే బయటి వ్యాసాలు. ఐ.ఎస్. 1239 ప్రకారం వచ్చే జి.ఐ. (జింకు పూత పూసిన ఇనుప) పైపుల్లో 100 అన్నది పేరుకు మాత్రమే, బయటి వ్యాసం సుమారు 114 మి.మీ. విదేశీ టెంప్లేటుతో వచ్చిన పట్టికను సరిచేయకుండా మోడల్ మొదలుపెడితే, మధ్యరేఖ సరిగ్గా ఉండి కూడా అడుగు, ఇన్వర్ట్ అంకెలు కొన్ని మిల్లీమీటర్లు తప్పుతాయి. లేబుళ్లలో కనిపించే వింత అంకెల్లో కొన్ని ఇక్కడి నుంచి పుట్టినవే.

వాలుగా వెళ్లే పైపుకు ఒక్క లేబుల్ సరిపోదు. 12 మీటర్ల పొడవున 1:100 వాలు ఇస్తే రెండు కొసల మధ్య తేడా 120 మి.మీ. నడిమిలో ఎక్కడో ఒక అంకె రాసి, పక్కన వాలు 1:100 అని బాణం గుర్తు వేస్తే, ఆ అంకె ఏ కొసదో ప్లంబరు ఊహించుకోవాలి. ఎగువ కొసకు ఒకటి, దిగువ కొసకు ఒకటి, మధ్యలో వంపులు ఉంటే అక్కడ ఒక్కొక్కటి రాయడమే సరైన పద్ధతి. రెవిట్ కొత్త వెర్షన్లలో ఎగువ కొస, దిగువ కొసల ఎత్తులు విడివిడి పారామీటర్లుగా (వస్తువుకు నమోదయ్యే విలువలుగా) దొరుకుతున్నాయి కాబట్టి ట్యాగ్‌లో వీటిని చూపడం ఇప్పుడు కష్టమేమీ కాదు. కానీ అవి కూడా అప్రమేయంగా రిఫరెన్స్ లెవెల్ నుంచే వస్తాయి. అసలు సమస్య అలాగే ఉండిపోతుంది.

దారులు, వాటి ఖరీదు

ఎక్కువమందికి మొదట తట్టే ఉపాయం, పైపు రిఫరెన్స్ లెవెల్‌నే మొదటి అంతస్తు నుంచి గ్రౌండ్ ఫ్లోర్‌కు మార్చేయడం. రెవిట్‌లో పైపు విషయంలో ఇది ప్రమాదకరం కాదు. లెవెల్ మార్చినా పైపు ఉన్నచోటే ఉంటుంది, −650 ఉన్నచోట 3250 వస్తుంది. పంపులు, ట్యాంకులు వంటి ఉపకరణాల ఫ్యామిలీలకు (రెవిట్‌లో వాడే వస్తువుల నమూనాలకు) ఇదే హామీ ఇవ్వలేం గనుక, ముందు ఒకదాని మీద పరీక్షించి చూడాలి. ప్లాన్‌లో పైపు కనిపించడం, కనిపించకపోవడం ఆ ప్లాన్ వ్యూ రేంజ్ (ఎంత ఎత్తు నుంచి ఎంత లోతు దాకా చూపించాలన్న హద్దు) మీద ఆధారపడి ఉంటుంది తప్ప రిఫరెన్స్ లెవెల్ మీద కాదు కాబట్టి ఆ విషయంలోనూ ఇబ్బంది లేదు. ఇబ్బంది లెక్కల్లో వస్తుంది. ప్లంబింగ్ పని సాధారణంగా అంతస్తుల వారీగా కొలిచి, ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) ఎక్కించి బిల్లు చేస్తారు. మొదటి అంతస్తు బాత్‌రూముల పైపు గ్రౌండ్ ఫ్లోర్ లెక్కలో పడితే, షెడ్యూలును (మోడల్ నుంచి వచ్చే పరిమాణాల పట్టికను) లెవెల్ వారీగా విడగొట్టినప్పుడు పరిమాణాలు తారుమారవుతాయి. కాంట్రాక్టరుకూ క్వాంటిటీ ఇంజనీరుకూ మధ్య జరిగే వాదన అక్కడి నుంచి మొదలవుతుంది. ఏ పైపు ఏ అంతస్తు బిల్లులోకి వస్తుందో వేరే పారామీటరులో రాసుకునే క్రమశిక్షణ ఉన్న ఆఫీసుకు మాత్రం ఈ దారి బాగానే పనిచేస్తుంది.

రెండోది స్పాట్ ఎలివేషన్. ఇది ట్యాగ్ లాంటిది కాదు. పైపు రిఫరెన్స్ లెవెల్ ఏదన్నది దీనికి పట్టదు. పైపు మీద ఎంచుకున్న బిందువు ఎత్తును తాను స్వయంగా కొలిచి చెబుతుంది. ఎక్కడి నుంచి కొలవాలో దాని టైపులోని ఎలివేషన్ ఆరిజిన్ నిర్ణయిస్తుంది: ప్రాజెక్ట్ బేస్ పాయింట్ (భవనం సున్నా), సర్వే పాయింట్ (బయటి సర్వే మట్టం), లేదా రిలేటివ్. రిలేటివ్ ఎంచుకుంటే, రిలేటివ్ బేస్ అన్న చోట కావలసిన లెవెల్‌ను చూపించవచ్చు. గ్రౌండ్ ఫ్లోర్‌ను చూపిస్తే, పైపు ఎవరి పేరు మీద ఉన్నా లేబుల్ గ్రౌండ్ ఫ్లోర్ నుంచే మాట్లాడుతుంది. పైభాగం, అడుగు, లేదా రెండూ చూపించే ఏర్పాటు కూడా ఇందులోనే ఉంది. ముందు బి.ఓ.పి. అని, వెనుక ఏ నేల నుంచో అక్షరాలు జోడించవచ్చు. ప్లస్ గుర్తు అప్రమేయంగా రాదు, యూనిట్ ఫార్మాట్‌లో దాన్ని పెట్టుకోవాలి. ప్లస్, మైనస్ రెండూ కలిసి ఉండే డ్రైనేజీ షీట్లలో ఈ చిన్న పని చేయకపోవడం నిర్లక్ష్యమే.

స్పాట్ ఎలివేషన్‌కు ఉన్న లోపం, అది బిందువుకే పరిమితం కావడం. వందల పైపులున్న షీట్‌లో ఒక్కొక్క చోటా పెట్టుకుంటూ పోవాలి. ట్యాగులను ఒక్కసారిగా అన్నింటికీ పెట్టినట్టు దీన్ని పెట్టలేరు. పైపును తొలగించి మళ్లీ గీస్తే లేబుల్ కూడా పోతుంది. పైపు ఒకే గీతగా కనిపించే వ్యూలో ఒక రకంగా, రెండు అంచులతో కనిపించే వ్యూలో మరో రకంగా పట్టుకోవచ్చు గనుక, వ్యూ డీటెయిల్ స్థాయిని ముందే ఖాయం చేసి ఆ తర్వాత మార్చకుండా ఉంచాలి. ఇంత ఉన్నా, ఆసుపత్రి వంటి ఒక మోస్తరు భవనానికి ఈ దారే మేలు. శ్రమ ఎక్కువ అవుతుందేమో గానీ, అంకె ఎప్పటికప్పుడు మోడల్‌తో పాటు మారుతుంది.

మూడోది ట్యాగ్ లేబుల్‌లోనే సూత్రం రాయడం. మధ్యరేఖ ఎత్తులోంచి బయటి వ్యాసంలో సగం తీసివేసి అడుగును చూపించడానికి ఇది చక్కని పరికరం. అదే ధోరణిలో అంతస్తు ఎత్తు 3900ను కూడా సూత్రంలో కలిపేసి, −650ను 3250గా మార్చేవారు ఉన్నారు. దీన్ని గట్టిగా వద్దనాలి. సూత్రంలో చేత్తో రాసిన 3900కు మోడల్‌లోని లెవెల్‌తో ఏ సంబంధమూ లేదు. అంతస్తు ఎత్తు మారితే లేబుల్ నిబ్బరంగా పాత అంకెనే చూపిస్తుంది, ఎవరికీ అనుమానం కూడా రాదు. రెండో అంతస్తు ఎత్తు వేరుగా ఉంటే మరో ట్యాగ్ కావాలి, పొరపాటున ఒకదాని బదులు మరొకటి పెడితే తప్పు బయటపడే దారి లేదు.

నాలుగోది డైనమో, అంటే రెవిట్‌తో స్క్రిప్టుల ద్వారా పనులు చేయించే పరికరం. ఒక్కో పైపు కొసల ఎత్తును చదివి, అది వేలాడే గదికి చెందిన నేల మట్టాన్ని అందులోంచి తీసివేసి, వచ్చిన అంకెను షేర్డ్ పారామీటరులో (ట్యాగులూ షెడ్యూళ్లూ రెండూ చదవగలిగే పారామీటరులో) రాసే స్క్రిప్టు తయారుచేసుకోవచ్చు. అప్పుడు ట్యాగులన్నీ ఒక్క దెబ్బలో పెట్టుకోవచ్చు, షెడ్యూల్లోనూ అదే అంకె వస్తుంది. పారామీటరు షేర్డ్ కాకపోతే ట్యాగ్‌లోకి రాదు, షెడ్యూల్లో లెక్కగట్టిన విలువను ట్యాగ్ చూపించలేదు. కొత్తగా నేర్చుకునేవారు మొదట తడబడేది ఈ రెండు చోట్లే. పెద్ద ప్రాజెక్టుల్లో ఈ పద్ధతికి సాటి లేదు. కాకపోతే స్క్రిప్టు నడిపిన క్షణానికి మాత్రమే అంకె నిజం. ఆ తర్వాత పైపు జరిగినా, లెవెల్ కదిలినా పాత అంకె అలాగే ఉంటుంది. ప్రింటు తీసే ముందు ప్రతిసారీ నడపాలన్న నియమం, నడిపిన తేదీని షీట్ మీద రాసే అలవాటు లేని చోట దీన్ని మొదలుపెట్టకపోవడమే మంచిది.

మరో బిమ్ సాఫ్ట్‌వేర్ ఆర్కికాడ్ ఈ విషయంలో కొంత ముందే ఆలోచించినట్టు కనిపిస్తుంది. వస్తువు పుట్టిన అంతస్తు, అంటే హోమ్ స్టోరీ, ఒకటి ఉన్నా, ప్రాజెక్ట్ జీరో, సముద్ర మట్టం కాకుండా, వాడుకరి స్వయంగా నిర్వచించుకునే రెండు రిఫరెన్స్ లెవెళ్లు కూడా అందులో ఉన్నాయి. ఏ లేబుల్ దేన్ని చూపించాలో ఎంచుకోవలసింది మాత్రం అక్కడా మనిషే.

గోడ దాటాక

భవనం లోపల ±0.000తో సరిపెట్టుకోవచ్చు. మురుగు పైపు గోడ దాటి చాంబరులోకి (పైపులు కలిసే చిన్న తొట్టిలోకి), అక్కడి నుంచి వీధి కాలువలోకి వెళ్లేటప్పుడు ఆ సున్నాకు బయటి లోకంలో అర్థం కావాలి. మన ప్రాంతంలో చిన్న, మధ్యతరహా నిర్మాణాలకు సర్వేయరు దగ్గర్లోని కల్వర్టు మీదో, పక్కింటి మెట్టు మీదో ఒక గుర్తు పెట్టి, దాన్ని 100.000 అనుకుని మట్టాలు తీస్తాడు. దాన్నే టి.బి.ఎం. (టెంపరరీ బెంచ్ మార్క్) అంటారు. ప్రభుత్వ పథకాల డ్రాయింగుల్లో మట్టాలు సగటు సముద్ర మట్టం నుంచి ఉంటాయి. నెల్లూరు, ఒంగోలు రైల్వే స్టేషన్ల ప్లాట్‌ఫారం కొసన ఉండే పసుపు బోర్డు మీద రాసేది ఈ సముద్ర మట్టం లెక్కనే. సర్వే ఆఫ్ ఇండియా తొమ్మిది రేవుల్లో సాగిన పోటు, ఆటుల కొలతల ఆధారంగా దేశానికి ఈ ఆధార మట్టాన్ని 1909లో స్థిరపరిచింది. మన తీరానికి దక్షిణాన ఉన్న మద్రాసు, ఉత్తరాన ఉన్న విశాఖపట్నం ఆ తొమ్మిదిలోవే. కృష్ణపట్నం లాంటి రేవుల దగ్గర పనిచేసేవారికి ఇంకో మట్టం తోడవుతుంది. ఓడల రాకపోకల కోసం వాడే చార్ట్ డేటమ్ సగటు సముద్ర మట్టం కాదు, ఆటు వేళ నీరు దిగిపోయే అట్టడుగు స్థాయికి దగ్గరగా పెట్టుకున్నది. సముద్రపు నీటిని తోడే పైపుకు రేవు డ్రాయింగులోని అంకెను, ప్లాంటు డ్రాయింగులోని అంకెను సూటిగా పోలిస్తే తప్పు ఖాయం.

చదునైన ఊళ్లలో ఈ జాగ్రత్త ఎందుకంత అవసరమో ఒక లెక్కలో తెలుస్తుంది. రోడ్డు మట్టం 100.000, భవనం గ్రౌండ్ ఫ్లోర్ నేల దానికి 0.900 పైన, అంటే 100.900 అనుకుందాం. చివరి చాంబరు ఇన్వర్ట్ −1.650 అని రాశారు, అంటే 99.250. అక్కడి నుంచి వీధి కాలువ 15 మీటర్ల దూరం, 1:100 వాలుకు 0.150 పోతే పైపు 99.100 దగ్గర చేరుతుంది. కాలువ ఇన్వర్ట్ 99.050. మిగులు 50 మి.మీ. మాత్రమే. సైటులో −1.650ను పూర్తయిన నేల నుంచి కాక, అప్పటికి కంటికి కనిపిస్తున్న కాంక్రీటు మట్టం నుంచి కొలిచారనుకుందాం. చాంబరు 99.175కు దిగిపోతుంది, పైపు 99.025 దగ్గర, అంటే కాలువ అడుగుకు 25 మి.మీ. కింద చేరుతుంది. ఇక నీరు బయటికి పోవాలంటే వాలు తగ్గించాలి, లేదా చాంబరు తవ్వి మళ్లీ కట్టాలి. ఈ జిల్లాలకు వాన ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తుంది. ఆ రోజుల్లో కాలువ నిండి పారుతుంటే మిగులు ఉన్న పైపులోకే నీరు ఎదురుతన్నుతుంది, మిగులు లేని పైపు సంగతి చెప్పనక్కర్లేదు. పైగా ప్రతి మరమ్మతుకూ రోడ్డు మీద మరో పొర వేస్తారు కాబట్టి, రోడ్డు నుంచి కొలిచి రాసిన లోతు కొన్నేళ్లకు ఎవరికీ పనికిరాదు. టి.బి.ఎం. నుంచి రాసినదైతే, ఆ కల్వర్టు ఉన్నన్నాళ్లూ పనికొస్తుంది.

రెవిట్‌లో ఇందుకు ప్రాజెక్ట్ బేస్ పాయింట్‌ను ±0.000కు, సర్వే పాయింట్‌ను టి.బి.ఎం.కో సముద్ర మట్టానికో ముడిపెట్టి, భవనం లోపలి షీట్లకు రిలేటివ్ స్పాట్ ఎలివేషన్ టైపును, బయటి చాంబర్ల షీట్‌కు సర్వే పాయింట్ టైపును విడిగా తయారుచేసుకోవాలి. రెండు టైపులకు వెనుక అక్షరాలు వేరుగా ఉండాలి. ఒకే షీట్‌లో రెండూ కనిపించక తప్పని చోట, ఉదాహరణకు గోడ దాటే బిందువు దగ్గర, రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి రాయడం మేలు. టైటిల్ బ్లాకు పక్కన ఒక వాక్యం తప్పనిసరి: ఈ షీట్‌లోని పైపు ఎత్తులు గ్రౌండ్ ఫ్లోర్ పూర్తయిన నేల నుంచి, పైపు అడుగు వరకు, మీటర్లలో, ±0.000 అంటే టి.బి.ఎం. ప్రకారం 100.900. ఈ వాక్యం ఉంటే ప్రతి లేబుల్ మీదా అన్నీ రాయనక్కర్లేదు. దానికి లొంగని లేబుల్ ఏదైనా ఉంటే దాని మీద మాత్రం విడిగా రాయాలి.

పనంతా అయ్యాక సైటు నుంచి తిరిగొచ్చే కొలతలకు కూడా ఇదే కట్టుబాటు వర్తిస్తుంది. మొదటి ఉదాహరణలో బీము తగలకుండా పైపును దించి, 25 మి.మీ. ఖాళీ వదిలి, పైభాగాన్ని +3.200 దగ్గర పెట్టారనుకుందాం. ఎగువ కొసన పైపు అడుగు +3.040, 12 మీటర్ల అవతల దిగువ కొసన +2.920 అవుతుంది. ఫాల్స్ సీలింగ్‌ను +2.900 దగ్గర అనుకుని ఉంటే క్లాంపుకూ ఫ్రేముకూ మిగిలేది 20 మి.మీ., అది చాలదు గనుక సీలింగును +2.750కు దించారు. బిగింపు అయ్యాక ప్లంబరు గోడ గీత నుంచి కొలిచి, ఎగువన 2.035, దిగువన 1.925 అని రాసిచ్చాడు. ఆ రెండు అంకెలకూ మీటరు కలిపితే +3.035, +2.925. డిజైన్‌తో పోలిస్తే ఒక్కో కొసకు తేడా 5 మి.మీ. మాత్రమే, విడివిడిగా చూస్తే ఎవరూ పట్టించుకోరు. కలిపి చూస్తే 12 మీటర్లకు ఉండవలసిన 120 మి.మీ. వాలు 110కి తగ్గింది, అంటే 1:100 బదులు 1:109 వచ్చింది. దాన్ని అంగీకరించాలా, దిగువ క్లాంపులు వదులుచేసి 10 మి.మీ. దించాలా అన్నది ఫాల్స్ సీలింగ్ ఫ్రేము ఎక్కకముందే ప్లంబింగ్ ఇంజనీరు తేల్చవలసిన విషయం.